తీసిన నకలు తిరిగి నిలుచునా?

కళాశాలల వార్షిక నివేదికలలో ఇటీవల ఒక వాక్యము తప్పక కనిపించుచున్నది. "కార్యాలయపు రికార్డులన్నియు కంప్యూటరులో చేర్చబడి, వాని నకళ్లు భద్రపరుపబడినవి" అని. చదువుటకు ఇంపైన వాక్యమే. కాని నకలు తీయుట వేరు, పోయిన దానిని ఆ నకలునుండి మరల నిలుపుట వేరు. మొదటిది జరిగినంత మాత్రమున రెండవది జరుగునని ఎవరును హామీ ఈయజాలరు. ఏటికొక దినమైనను ఆ నకలును తెరచి, అందులోని యంత్రమును లేపి, లెక్క సరిచూచిన పిమ్మటనే "భద్రము" అను మాట వాడవలెనని మా అభిప్రాయము. కమిటీ పెద్దలు ఈ అభిప్రాయమును ఆలకింతురని ఆశించుచున్నాము.

కంప్యూటరు శాస్త్రము బోధించు మిత్రులుండగా తెలుగు అధ్యాపకులకు ఈ గొడవ యేల అని కొందరికి తోచవచ్చును. తెలుగు ఎం.ఏ. చదివినవారికి నకళ్ల సంగతి కొత్తది కాదు. తాళపత్రములకు పురుగు పట్టుటయు, వ్రాయసగాడు ఒక పంక్తి దాటవేయుటయు, ఒకే ప్రతి మిగిలిన గ్రంథము ఒక్క వానకు పోవుటయు మా పాఠములలోని విషయములే. సి.పి. బ్రౌను వేమన పద్యములను 1829లో అచ్చు వేయించుటకు ముందు ఒక్క ప్రతిని నమ్మలేదు. పలు ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి చూచెను. పోల్చి చూచుట అను ఆ పనియే నేడు మన సర్వరు గదిలో లోపించినది.

ఆ గదిలో ఇన్వర్టరు ప్రక్కన ఉన్న సర్వరు ఒక్కటే. దానిలోపల నడుచుచున్న యంత్రములు మూడు. ఒకదానిలో ప్రవేశములు, ఫీజులు, హాజరు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల పట్టికలున్నవి. రెండవదానిలో గ్రంథాలయపు పట్టిక కలదు. మూడవదాని మాట తరువాత చెప్పెదము.

వర్చువల్ మెషీన్ అనగా యంత్రములోని యంత్రము. పెద్ద ఇంటిలో గోడలు పెట్టి మూడు కుటుంబములకు అద్దెకిచ్చినట్లు, ఒకే సర్వరు మెమరీని, డిస్కును వాటాలుగా పంచి వేర్వేరు కంప్యూటర్లుగా నడిపించుట. వాటాలో ఉన్నవారికి తమ వాటాయే పూర్తి ఇల్లు. ఈ ఏర్పాటు ఐ.బి.ఎం. వారి పెద్ద యంత్రములపై 1972 నాటికే వాడుకలోనికి వచ్చినది. 1999లో వీఎంవేర్ సంస్థ మామూలు కంప్యూటర్లకు తెచ్చినది. 2007లో కేవీఎం అను పేర లినక్సులోనే చేరిపోయినది. చరిత్ర ఇంతటితో చాలును. మనకు కావలసిన సంగతి ఒకటి: అట్టి యంత్రపు డిస్కంతయు బయటివారికి ఒక పెద్ద ఫైలుగా కనిపించును. కనుక యంత్రమునకు యంత్రమునే ఫైలు వలె నకలు తీసి, మరొక సర్వరుపైకి మోసుకొనిపోయి లేపవచ్చును. ఈ సౌకర్యములోనే ప్రమాదమును ఉన్నది. 2023 ఫిబ్రవరిలో ఫైళ్లకు గూఢలిపి తాళము వేసి, చెవి కావలెనన్న డబ్బడుగు రాన్సమ్‌వేర్ ఒకటి వీఎంవేర్ వారి ఈఎస్ఎక్స్ఐ సర్వర్లపై వేల సంఖ్యలో పడినది. ఇంటి యజమానికే తాళము వేసినచో వాటాల వారందరును వీధిని పడుదురు గదా! ఆ దొంగ దూరిన కంతకు మరమ్మతు 2021 ఫిబ్రవరిలోనే విడుదలయి యుండెను. రెండేండ్లు గడచినను వేయించుకొననివారే బాధితులైరి.

మరియొక భ్రమ. యంత్రమునకు "స్నాప్‌షాట్" తీసితిమి గనుక నకలున్నట్లే అని కొందరందురు. స్నాప్‌షాట్ అనునది ఆ క్షణమున డిస్కు ఎట్లున్నదో చెప్పు గుర్తు మాత్రమే. అది అసలు డిస్కును ఆనుకొని బ్రతుకును. డిస్కు పోయిన అదియు పోవును. నడుచుచున్న యంత్రము నుండి నలగకుండ నకలు తీయుటకు దానిని మెట్టుగా వాడవలెను. యంత్రములోని వ్రాతలను ఒక క్షణము ఆపించి, స్నాప్‌షాట్ తీసి, దానిని వేరొక చోటికి నకలు చేసి, అటుపై తొలగించవలెను. మెట్టునే మేడ అనుకొని దానిపై కాపురముండుట తగదు.

ఇక మూడవ యంత్రము. దానిని ఆస్తులలో ఎవరును లెక్క వేయరు. అది ఈ సంచికది. ఇప్పుడు మీ చేతిలోని సంచికకు పూర్వపు సంచికలు అనేకము అందులో కూర్చబడినవి. తెలుగు పుటలు పేజ్‌మేకర్‌లో అను ఫాంటులతోను, ఉర్దూ పుటలు ఇన్‌పేజ్‌లో నస్తాలీఖ్ లిపితోను ఉన్నవి. ఆ ప్రోగ్రాములు విండోస్ ఎక్స్‌పీ పై నడుచును. మైక్రోసాఫ్ట్ వారు ఆ ఎక్స్‌పీకి రక్షణ మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో నిలిపివేసిరి. పాత కంప్యూటరు మూలబడినప్పుడు, తెలిసినవారెవరో దాని డిస్కునంతటిని వర్చువల్ మెషీనుగా మార్చి సర్వరుపై నిలిపిరి. వారికి మనము ఋణపడి యున్నాము.

ఆ యంత్రము లేనిచో ఏమగును? ఫైళ్లు పెన్‌డ్రైవులో ఉండవచ్చును. కాని అను ఫాంటు లేని కంప్యూటరులో ఆ తెలుగు పుటను తెరచినచో తెలుగు కనిపించదు. ఇంగ్లీషు అక్షరములును, విరామ చిహ్నములును కలగలిసిన చిందరవందర కనిపించును. ఆ నాటి ఫాంటులు యూనికోడు పద్ధతిని అనుసరింపక, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చినవి గనుక ఇట్లగును. ఇన్‌పేజ్ పాత ఫైళ్ల తీరును అంతే. ఆ ప్రోగ్రాము చదువవలసినదే గాని మామూలు సంపాదకములు చదువలేవు. యూనికోడులోనికి మార్చు ఉపాయములు కలవు. కాని వత్తులు తారుమారగుట, పదముల నడుమ ఎడము చెదరుట తప్పదు, తప్పులు కూర్చుండి దిద్దవలెను. అనగా ఇచ్చట ఫైలు నకలు చాలదు. ఫైలును చదువగల యంత్రము నకలు కావలెను. మరల మొదటినుండి ప్రతిష్ఠింతమన్న ఆ ప్రోగ్రాముల సీడీలు ఎక్కడున్నవో తెలియదు. కొన్ని ప్రోగ్రాములకు తాళపుచెవి వంటి చిన్న పరికరమును కంప్యూటరుకు తగిలించి యుండవలెను. వర్చువల్ మెషీను నకలులో ఆ పరికరము రాదని గుర్తుంచుకొని, దానిని బీరువాలో వేరుగా దాచవలెను. రెండు భాషల విద్యార్థులు దశాబ్దములుగా వ్రాసిన కవితలు, కథలు, గజళ్లు ఆ ఒక్క పెద్ద ఫైలులో ఉన్నవి. ఆ యంత్రమును ఇంటర్నెట్టుకు తగిలింపరాదు. మరమ్మతులు ఆగిపోయిన యంత్రము కిటికీలు లేని ఇల్లు వంటిదని కాదు, తలుపులు లేని ఇల్లు వంటిది.

గ్రంథాలయపు పట్టిక సంగతి వేరు. అది కంటైనరులో నడుచుచున్నది. కంటైనరనిన ఏమో చెప్పుటకు మన నూజివీటి తోటలే చాలును. ఈ ప్రాంతమున పుట్టిన పిల్లలకు అంటు మొక్క అనిన ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. బంగినపల్లి టెంకను నాటిన బంగినపల్లి వచ్చునను భరోసా లేదు. చిన్నరసముది నాటిన చిన్నరసమే కాయునని చెప్పలేము. అందుకే తల్లిచెట్టు కొమ్మను తెచ్చి అంటు కట్టుదురు. తల్లిచెట్టు క్షేమముగా ఉన్నంతవరకు, ఒక అంటు ఎండిపోయిన మరొకటి కట్టుకొనవచ్చును. 2013లో డాకర్ అను పేర ప్రచారములోనికి వచ్చిన కంటైనర్ల పద్ధతియు ఇట్టిదే. ప్రోగ్రామును, దానికి కావలసిన సరంజామాను కలిపి "ఇమేజి" అను తల్లిచెట్టుగా ఉంచుదురు. దానినుండి ఎన్ని కంటైనర్లనైనను క్షణములలో లేపుదురు. కంటైనరు చెడిన బాగుచేయరు. తీసివేసి కొత్తది లేపుదురు.

కొత్తవారు దెబ్బతినునది ఇచ్చటనే. కంటైనరు లోపల వ్రాసినదంతయు కంటైనరును తీసివేయుటతో పోవును. నిలువవలసిన సమాచారమును "వాల్యూము" అను వేరు స్థలమున ఉంచవలెను. అంటు కట్టుకొనవచ్చును గాని కోసి అమ్మిన కాయల లెక్కను తల్లిచెట్టు చెప్పదు. కనుక కంటైనర్లకు నకలు తీయుట యనగా కంటైనరును నకలు తీయుట కాదు. ఏ ఇమేజి, ఏ అమరిక, ఏ వాల్యూము ఎక్కడ అని తెలుపు చిన్న వ్రాతఫైలును, వాల్యూములోని సమాచారమును, సంకేతపదములను నకలు తీయవలెను. ఇమేజి పేరు వ్రాయునప్పుడు సరియైన సంచిక సంఖ్య వ్రాయవలెను. "అన్నిటికంటె కొత్తది" అని వ్రాసి ఊరకున్నచో, మూడేండ్ల తరువాత లేపినప్పుడు నాటి ఇమేజి గాక నేటిది వచ్చును. పాత పట్టికను అది చదువలేకపోవచ్చును. తల్లిచెట్టు పేరు వ్రాయకుండ కొన్న అంటు ఏ కాయ కాయునో కాపు వచ్చిన నాడు గాని తెలియదు. తల్లిచెట్టు పరాయివారి తోటలో ఉన్నప్పుడు ఒక కొమ్మను మన తోటలోనికి తెచ్చుకొనుట మేలు. ఇమేజినిగూడ ఒక ప్రతి మనవద్ద దాచుట అట్టిదే.

పట్టికల మాట వచ్చినది గనుక మరియొక పోలిక. నున్న మామిడి మార్కెట్టులోని కమీషను దుకాణదారుల పాత లెక్కలు చూచినవారికి చిట్టా, ఆవర్జా తెలిసినవే. దినదినము జరిగినది జరిగినట్లు చిట్టాలో ఎక్కును. ఎవరి ఖాతా ఎంతకు నిలిచినదో ఆవర్జాలో ఎక్కును. ఆవర్జా తడిసి చెడినను, నిరుటి ఆవర్జా నకలును, అప్పటినుండి వ్రాసిన చిట్టాయు ఉన్నచో గుమాస్తా కూర్చుండి కొత్త ఆవర్జా కట్టగలడు. నేటి డేటాబేసులును ఇట్లే రెండును వ్రాసికొనును. వారమునకొక పూర్తి నకలు, దానితోబాటు దినదినపు చిట్టా దాచినచో, "మంగళవారము ఉదయము 11 గంటలకు ఎట్లున్నదో అట్లు" అని కోరి నిలుపుకొనవచ్చును. గుమాస్తా పొరపాటున ఒక తరగతి ఫీజులన్నియు చెరిపివేసినది 11 గంటల 5 నిమిషములకైనచో ఈ పద్ధతియే దిక్కు. యంత్రము మొత్తమునకు రాత్రి తీసిన నకలు, ఆ ఉదయము వసూలయిన ఫీజులను ఇయ్యలేదు.

ఇన్ని ఏర్పాట్లున్నను నకలు మోసగించుట ఎట్లో ఒక ఉదాహరణము. మేము ఎరిగిన ఒక కళాశాలలో, పేరు చెప్పము, ప్రవేశముల కాలములో డిస్కు చెడినది. నకళ్లు రాత్రిరాత్రి తీయబడుచున్నవని అందరును నమ్మియుండిరి. తెరచి చూడగా తేదీల వారీగా ఫైళ్లు వరుసగా ఉన్నవి. లోపల ఏమియు లేదు. నకలు వ్రాయు డిస్కు ఎప్పుడో నిండిపోయినది. హెచ్చరిక ఈ-మెయిలులు ఉద్యోగము మానిపోయిన ఒకరి చిరునామాకు పోవుచుండెను. ఫలితముగా విద్యార్థులందరును తమ సర్టిఫికెట్లు మరల తీసికొని రావలసివచ్చెను. తోటలలో కాయకోత కూలికి పోవు తల్లిదండ్రుల పిల్లలు కూలి మానుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని రెండుమార్లు, మూడుమార్లు తిరిగిరి. స్కాలర్‌షిప్ గడువు వారి కొరకు ఆగలేదు. నష్టము యంత్రమునకు కాదు, పిల్లలకు.

ఇది చిన్న ఊళ్ల అలసత్వమని కొట్టివేయుటకును వీలు లేదు. గిట్‌ల్యాబ్ అను సంస్థ ప్రపంచమంతటి ప్రోగ్రాము రచయితల పనిని దాచియుంచునది. 2017 జనవరి 31న అచ్చటి ఉద్యోగి ఒకరు అలసిన రాత్రివేళ, ఒక యంత్రము అనుకొని మరొక యంత్రములోని అసలు డేటాబేసును తుడిచివేసెను. సుమారు 300 గిగాబైట్లు పోయినవి. నకళ్లకు వారి వద్ద ఐదు ఏర్పాట్లుండెను. దినదినపు నకలు తీయు ప్రోగ్రాము డేటాబేసుకంటె పాత సంచికది గనుక ప్రతిదినము విఫలమగుచుండెను. నకళ్లు ఉండవలసిన చోటు ఖాళీగా ఉండెను. ఆ సంగతి తెలుపు ఈ-మెయిలులను తపాలా వ్యవస్థయే త్రోసిపుచ్చుచుండెను. మేము పైన చెప్పిన కళాశాల కథయే, పెద్ద అక్షరములలో! తుదకు ఆరు గంటల ముందు ఒకరు వేరే పనికై యాదృచ్ఛికముగా తీసిన స్నాప్‌షాట్ వారిని ఆదుకొన్నది. ఆ ఆరు గంటలలో చేరిన సమాచారము మాత్రము పోయినది. వారిని మెచ్చుకొనవలసిన విషయము ఒకటి: పునరుద్ధరణ జరుగుచుండగా లోకమందరు చూచునట్లు ప్రసారము చేసి, కారణములన్నియు దాచక వ్రాసిరి. మన సంస్థలకు ఈ అలవాటు ఎన్నడు అబ్బునో!

ఆ సంవత్సరమే మే నెలలో వానాక్రై అను రాన్సమ్‌వేర్ ప్రపంచమును చుట్టివచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాత పడినవి. చిత్తూరు, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలతోబాటు కృష్ణా జిల్లా కూడ అందులో ఉండెను. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడువరకు నూజివీడు కృష్ణా జిల్లాలోనిదే గదా. మన ఊరు చిన్నది, మన జోలికి ఎవరు వత్తురు అనువారికి ఇది సమాధానము. ఆ ప్రోగ్రాము ఊరి పేరు అడిగి రాదు. అట్టిది వచ్చిననాడు సర్వరుకు ఎల్లప్పుడు తగిలించియున్న నకలు డిస్కుకును తాళము పడును. ఒక డిస్కు తీగ తీసి బీరువాలో ఉండవలెను.

కొందరు పెద్దలు "కాగితపు రిజిష్టర్లున్నవి గదా" అందురు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున చెలరేగిన మంటలలో ఫైళ్లు కాలిపోయినవి; ఇతర కార్యాలయములలో ఉన్న ప్రతులకై వెదకవలసి వచ్చినది. కాగితమైనను, డిస్కైనను ఒకే గదిలో ఉన్నంతకాలము దానికి దిక్కు ఆ గదియే. కంప్యూటర్లలో ఆరితేరిన దేశములకును ఇది వర్తించును. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వపు కంప్యూటరు కేంద్రములో బ్యాటరీల వద్ద నిప్పంటుకొనగా, ప్రభుత్వోద్యోగులు తమ పని ఫైళ్లను దాచుకొను 858 టెరాబైట్ల భాండారము బూడిదయ్యెను. దానికి వేరొక చోట నకలు లేదు. పరిమాణము మరీ పెద్దదగుటచే తీయలేదని కారణము చెప్పిరి. మోయలేనంత బరువైనదని ధాన్యమునంతయు ఒకే గాదెలో పోసినట్లున్నది.

"మనది క్లౌడులో పెట్టుదము, ఇక భయము లేదు" అను మాటయు కమిటీ సమావేశములలో వినబడుచున్నది. క్లౌడు అనగా మరొకరి సర్వరు. అంతకుమించి మహిమ లేదు. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అను పింఛను నిధి సంస్థ యంత్రములున్న గూగుల్ క్లౌడు భాగము మొత్తముగా తొలగిపోయినది. అది ఏర్పాటు చేసిన నాడు ఒక గడిని ఖాళీగా వదలుటచే, ఏడాది గడువు తీరగానే అదియే చెరిగిపోయెనట! ఆరు లక్షలకు పైబడిన సభ్యులు సుమారు వారము దినములు తమ ఖాతాలు చూడలేకపోయిరి. కాని వారి డబ్బు లెక్క పోలేదు. ఆ సంస్థ వేరుగా నకళ్లు దాచియుండుటచే, వందల వర్చువల్ మెషీన్లను ఒక్కొక్కటిగా మరల నిలుపగలిగిరి. క్లౌడు వలదని మా వాదము కాదు. క్లౌడు ఒక చోటు మాత్రమే. రెండవ చోటు మనము చూచుకొనవలెను.

తెలుగువారి అనుభవము ఇంకొకటి కలదు. మన ఊరి ట్రిపుల్ ఐటీ ప్రాంగణము గల రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి చాన్సలరు ఆచార్య రాజ్ రెడ్డి గారు. 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన తెలుగువారు. పది లక్షల పుస్తకములను కంప్యూటర్లకు ఎక్కింపవలెనను ఉద్యమమునకు ఆయనయే ఆద్యులు. ఆ ఉద్యమపు భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రము. వేలకొలది పాత తెలుగు గ్రంథములు, ఉర్దూ గ్రంథములు అందులోనికి ఎక్కినవి. కొన్నేండ్లకు ఆ వాకిలి మూతపడినది. పరిశోధక విద్యార్థులు బిక్కమొగములు వేసిరి. అప్పటికే కార్ల్ మాలముడ్ అను అమెరికా దేశస్థుడు ఆ పుస్తకములను లక్షల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవునకు నకలు చేసియుండెను. నేడు మన ఎం.ఏ. విద్యార్థులు దింపుకొని చదువుకొనుచున్న పాత పుస్తకములలో అనేకము ఆ నకళ్లే. కాని వానిని తెరచి చూడుడు: కొన్నిటి పేర్లు ఇంగ్లీషు లిపిలో తప్పుగా పడినవి, కొన్నిటికి నడుమ పుటలు లేవు. ఎక్కించిననాడే ఒకరు కూర్చుండి పుట వెంట పుట సరిచూచియున్నచో, మూలగ్రంథము చెంతనే ఉన్నది గనుక ఆ లోపము అప్పుడే తీరియుండెడిది. నకలు లేకున్న అన్నియు పోయెడివి. పరీక్ష లేకపోవుటచే కొన్ని పోయినవి.

పరీక్ష అను మాటకు మా మనస్సున మెదలు దృశ్యము మసీదులోనిది. రంజాన్ మాసమున తరావీహ్ నమాజులో హాఫిజ్ గారు ఖుర్ఆన్ గ్రంథమును కంఠస్థముగా మొదటినుండి తుదివరకు వినిపింతురు. వెనుక వరుసలో మరొక హాఫిజ్ నిలుచుండి వినుచుండును. ఎచ్చటనైన తడబాటు వచ్చినచో ఆయన అందించును. దానినే లుఖ్మా అందురు. గ్రంథము అచ్చులో ఉన్నది, ఇంటింట ఉన్నది. ఐనను ఏటేట, తుదివరకు, మరొకరి చెవి యెదుట వినిపించు ఆచారము ఆగలేదు. హజ్రత్ అబూబకర్ కాలమున యమామా యుద్ధములో కంఠస్థము చేసినవారు అనేకులు అమరులైనప్పుడు, గ్రంథమును ఒకచోట చేర్చు బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్‌కు అప్పగించిరి. ఆయనకు స్వయముగా కంఠస్థమే. అయినను తన జ్ఞాపకము నొక్కదానిని నమ్మక, వ్రాతలతోను, ఇతరుల సాక్ష్యముతోను పోల్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. హజ్రత్ ఉస్మాన్ కాలమున ప్రతులు వేర్వేరు నగరములకు పోయినవి. పవిత్ర గ్రంథమునకును మన ఫీజుల పట్టికకును సాటి చెప్పుచున్నామని ఎవరును భావింపవలదు. పద్ధతి మాత్రమే చెప్పుచున్నాము. మదరసాలో చదివి మన కళాశాలకు వచ్చు పిల్లలకు ఈ పద్ధతి పుస్తకము చూడకయే తెలిసియున్నది. కంప్యూటరు గదిలో మాత్రము మనము దానిని మరచితిమి.

కమిటీ వారికి మా ప్రార్థన ఇది. సంవత్సరమునకొక దినమును పునరుద్ధరణ దినముగా నిర్ణయింపవలెను. కంప్యూటర్ల ప్రయోగశాలలోని ఒక ఖాళీ యంత్రమును తీసికొని, కళాశాల వలకు తగిలింపక, బీరువాలోని నకలు నుండి మూడు యంత్రములను అందులో లేపవలెను. వలకు ఏల తగిలింపరాదనిన, నిద్రలేచిన నకలు యంత్రము తానే అసలని తలచి, ఫీజు బాకీలంటూ తల్లిదండ్రుల ఫోనులకు సందేశములు పంపనారంభించును! లేచిన పిమ్మట, ఆ దినపు నగదు పుస్తకపు మొత్తమును, విద్యార్థుల సంఖ్యను అసలుతో పోల్చవలెను. పాత సంచికనుండి ఒక తెలుగు పుటను, ఒక ఉర్దూ పుటను తెరచి, అచ్చు పుస్తకము ప్రక్కన పెట్టుకొని చదువవలెను. ఎన్ని గంటలు పట్టినదో గడియారము చూచి వ్రాయవలెను. ఎంత పని పోయినను ఓర్చుకొనగలమో, ఎంతసేపు ఆగగలమో కమిటీయే ముందుగా నిర్ణయించి యుండవలెను. ఆ ప్రశ్నలకు యంత్రము సమాధానము చెప్పదు.

ఈ పనిని బయటి ఏజెన్సీకి అప్పగించి చేతులు కడుగుకొనరాదు. నకలు తీసినవారే పరీక్షించుట, పరీక్ష వ్రాసినవాడే తన కాగితము దిద్దుకొనుట వంటిది. బి.ఎస్‌సీ., బి.సి.ఏ. మూడవ సంవత్సరపు విద్యార్థులు నలుగురు చేయుదురు; ఉద్యోగముల ఇంటర్వ్యూలలో చెప్పుకొనుటకు నిజమైన పని ఒకటి వారికి దొరకును. నకలులో విద్యార్థుల ఆధారు సంఖ్యలు ఉన్నవి గనుక అధ్యాపకులొకరు ఆద్యంతము ప్రక్కన ఉండవలెను. పని ముగియగానే ఆ యంత్రమును తుడిచివేయవలెను. ఖర్చు రెండు హార్డ్ డిస్కులది మాత్రమే. ఒకటి కళాశాల బీరువాలో, రెండవది విజయవాడలో కమిటీ నమ్మినవారి వద్ద. రెంటికిని గూఢలిపి వేయవలెను. ఆ గూఢలిపి పదమును కాగితముపై వ్రాసి, లక్క వేసిన కవరులో ప్రిన్సిపాలుగారి వద్ద నొకటి, కార్యదర్శి గారి వద్ద నొకటి ఉంచవలెను. పదము మరచిన నకలు పోయిన నకలే. సర్వరు పోయిన నాడు ఆ పదమును సర్వరులోనే వ్రాసియుంచితిమని తెలిసిన ఏమి ప్రయోజనము?

దినమునకు మా సూచన ఆగస్టు రెండవ శనివారము. అప్పటికి రసాల కాలము ముగిసి తోటల పిల్లలు తరగతులకు తిరిగి వచ్చియుందురు. మే నెల గాలివానలకు పడిన కరెంటు స్తంభములును లేచియుండును. మొదట లేపవలసిన పట్టిక ఏదని అడిగినచో, మొదటి సంవత్సరపు విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తుల పట్టిక అని చెప్పుదుము. అంతకంటె ముందు, సర్వరు గది తాళపుచెవి ప్రస్తుతము ఎవరివద్ద ఉన్నదో కార్యాలయము వారు కనుగొని యుంచవలెను.